స్కేలు: ఒక ఆకూవక్క

చంద్రగిరి దాటి, స్వర్ణముఖి ఇసుక దాటి
బస్సు వెనక్కి మళ్ళే చోట మా బడి.
ఆరో తరగతి, సాంఘికం, యూనిట్ పరీక్ష.
ఈ కింది వాటిని నిర్వచింపుము.

చెంగల్రాయులు రాశాడు:

ద్వీపం: సుట్టూ నీళ్లుండేది. పోయిన తుపానుకి మా రాగి కుప్ప.
ద్వీపకల్పం: మా చేను. మూడు దిక్కులా వంక.
నాలుగో దిక్కు మా మామది. దావ ఇయ్యడు.
జలసంధి: మా కయ్యకీ మామ కయ్యకీ నడాన గండి.
రాత్రిపూట తెరిచుంటాది.
కయ్య: వరి నాటేది.

ఇక్కడ నా ఎర్ర పెన్ను ఆగింది.
పుస్తకంలో కయ్య అంటే
సముద్రం వెనక్కి పోతూ మరిచిపోయిన ఉప్పునీళ్లు.
నేను పుట్టింది తడ దగ్గర, పులికాట్ ఒడ్డున.
మా నాన్న పడవ అడుగు బురదకు రాసుకునే లోతూ
కొంగ మోకాలు తడవని లోతూ
నాకు తెలుసు.
కొట్టేశాను. అర మార్కు కూడా వేయలేదు.

మర్నాడు లేచి నిలబడ్డాడు.
"కయ్యకి ఉప్పునీళ్లు కడితే నారు సచ్చిపోతాది మేడం."
తరగతంతా నవ్వింది.
నేను నల్లబల్ల వైపు తిరిగి
కాంటూరు రేఖలు గీశాను:
ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పోయే గీత,
ఒకటి ఇంకోదాన్ని దాటదు.
"మేకల దావ" అన్నాడు, ఈసారి కూర్చునే.

సాయంత్రం బస్సు కోసం నిలబడి చూశాను.
కొండ పక్కన, వాలుటెండలో,
ఎన్ని తరాల మేకలు గీసినవో ఆ గీతలు,
ఒకదాని పైన ఒకటి,
ఒక్కటీ ఇంకోదాన్ని దాటలేదు.

మార్చిలో వాడు తొమ్మిది రోజులు రాలేదు.
అవ్వకు కాలు విరిగిందట, మేకలు వాడి మీద పడ్డాయట.
ఎక్కడ తోలుతున్నాడని అడిగితే
చెల్లెలు సుగుణ
నోటుబుక్కు నడిమి కాగితం తెచ్చిచ్చింది.
వాడే గీసి పంపాడు.

సర్వే షీటు నా దగ్గర ఉంది.
అందులో ఆ చోటు ఉత్త ఆకుపచ్చ: రిజర్వు అడవి.
వాడి కాగితంలో ఖాళీ అనేది లేదు.
జారుబండ. తేనెబండ. ఎనుము పడుకున్నట్టుండే గుండు.
ముసలి వంకా పిల్ల వంకా కొట్లాడుకునే చోటు
(సంగమం అని నేను నేర్పిన మాట వాడలేదు).
పైన ఉత్తరం బాణం లేదు, "కొండ" అని ఉంది.
ఇక్కడ ఎవరినడిగినా ఉత్తరం అదే.
అడుగున మాత్రం మరిచిపోకుండా,
నేను చెప్పినట్టే గీత కొట్టి, రాశాడు:
స్కేలు: ఒక వేలెడు = అవ్వ ఒక ఆకూవక్కా నమిలేంత దూరం.

నేను ఆకూవక్కా వేసుకోను.
అయినా లెక్క తప్పలేదు.
మూడో వేలు సగంలో మేకల గంటలు వినపడ్డాయి.

ఒక గుర్తుకు సూచికలో అర్థం రాయలేదు:
చిన్న సున్నా, లోపల నీలం చుక్క.
ఇదేంట్రా అంటే
మేకలకు కూడా వినపడకూడదన్నట్టు చూసి
నడవమని చెయ్యి ఊపాడు.
రెండు బండల సందులో దొన.
దోసిలి వంచితే అందే నీళ్లు, ఇనుము రుచి,
పళ్లు జివ్వుమనే చల్లదనం.
"ఎవురికీ చెప్పొద్దు మేడం.
పటంలోకెక్కితే పైపులేసేస్తారు."

వచ్చే వారం నీటి వనరుల పాఠం.
నదులు, సరస్సులు, చెరువులు, ఊటలు.
ఊటకు ఉదాహరణ చెప్పమంటారు పిల్లలు.
పుస్తకంలో ఉన్నదే చెప్తాను.

పాత పేపరు వెతికి తీశాను.
కయ్య పక్కన నా కొట్టివేతను కొట్టేసి
ఒక మార్కు వేశాను.
వాడి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
అట్లాసులో, బంగాళాఖాతం పేజీలో దాచాను.
అక్కడంతా నీలమే.
నీలం చుక్కను అక్కడ ఎవరూ వెతకరు.